పేదరాశి పెద్దమ్మకు నేపథ్యం లేదా?

మన జానపద కథల్లో రాకుమారుడు ఏ కొత్త పట్నానికి వెళ్ళినా ముందు గుర్రం దిగేది పేదరాశి పెద్దమ్మ ఇంటి ముందే. అలిసి వచ్చినవాడికి అన్నం వండి పెట్టేది ఆమె. కోటలో ఏం జరుగుతోందో, రాకుమార్తె ఎందుకు బెంగపెట్టుకుందో, ఊరవతల మర్రిచెట్టు మీద ఎవరున్నారో చెప్పేది ఆమె. కథ కంచికి వెళ్ళేసరికి అర్ధరాజ్యమూ రాకుమార్తే కూడా రాకుమారుడివి అయిపోతాయి. పెద్దమ్మ ఏమైందో ఎవరికీ పట్టదు. ఆమెకు పెళ్ళయిందా, పిల్లలున్నారా, ఆ వయసులో ఒక్కతే పూటకూళ్ళు పెట్టుకుని ఎందుకు బతుకుతోంది, పట్నం రహస్యాలన్నీ ఆమెకెలా తెలిశాయి అన్న ప్రశ్నలేవీ కథకు అక్కర్లేదు. ఆమెకు గతం లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇదంతా పాతకాలం కథల సంగతి, ఇప్పుడెందుకు అంటారేమో. ఇప్పటి పిల్లలు ఎంతో ఇష్టంగా ఆడుకుంటున్న ఒక ఆటలో, ‘నీ గతం నువ్వే ఎంచుకో’ అని అచ్చువేసి మరీ చెప్పే ఆటలో కూడా పెద్దమ్మకు చోటు లేదు కాబట్టే ఈ వ్యాసం. ఆ ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన ఈ ఆట 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. మొదట అచ్చేసింది వెయ్యి ప్రతులే. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు ఆట నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తయారుచేసుకుంటారు. రాక్షసులు, గుహలు, మంత్రాలు ఉన్న లోకంలో ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. 2016లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్, 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్ ఈ ఆటను ఎప్పుడూ బల్ల దగ్గర కూర్చోనివాళ్ళకూ పరిచయం చేశాయి. డాలస్‌లోనూ హైదరాబాద్‌లోనూ తెలుగు పిల్లలు ఆదివారాలు దీనికి కేటాయిస్తున్నారు.

పాత్రను తయారుచేసుకునేటప్పుడు అది ఏ జాతిదో, యుద్ధం చేస్తుందో మంత్రాలు వేస్తుందో నిర్ణయించుకోవడంతో పాటు ‘బ్యాక్‌గ్రౌండ్’, అంటే నేపథ్యం కూడా ఎంచుకోవాలి. సాహసయాత్రకు బయల్దేరక ముందు నువ్వేం చేసేదానివి? నీ చేతికి ఏ పని వచ్చు? నీ సంచిలో ఏముంది? ఇది ముచ్చట కోసం అడిగే ప్రశ్న కాదు. నువ్వు ఎంచుకున్న గతాన్ని బట్టి నీకు కొన్ని నైపుణ్యాలు, కొన్ని పనిముట్లు, కొంత డబ్బు వస్తాయి. ఆటలో నీకేం చేతనవుతుందో అవి నిర్ణయిస్తాయి. అంటే ఏ గతానికి విలువుంది, ఏ గతానికి లేదు అన్నది ఇక్కడ నియమంగా రాసిపెట్టి ఉంది. నా తగాదా ఆ జాబితాతోనే.

ముందు చరిత్ర చూద్దాం. 1976 అక్టోబరులో ‘ది డ్రాగన్’ పత్రిక మూడో సంచికలో లెన్ లకోఫ్కా అనే ఆయన ఆటలో స్త్రీ పాత్రల కోసం ప్రత్యేక నియమాలు రాశాడు. అందరికీ ఉండే ఆకర్షణ శక్తిని స్త్రీలకు తీసేసి, దాని స్థానంలో ‘అందం’ పెట్టాడు. నాయకత్వం వహించే గుణాన్ని చూపులకు బాగుండే గుణంగా కుదించడానికి ఒక్క మాట మారిస్తే సరిపోయింది. 1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకం మరో అడుగు ముందుకేసింది. ఆ నియమాల్లో బలం 18 వచ్చిన యోధులు మళ్ళీ నూటికి పాచికలు వేయాలి. పురుషుడు నూరు దాకా వెళ్ళొచ్చు. మానవ స్త్రీని యాభై దగ్గర ఆపేశారు. నిప్పులు కక్కే డ్రాగన్‌ని నమ్మగలిగిన బుర్రలకు బలమైన ఆడది మాత్రం నమ్మశక్యం కాలేదు! 1989లో రెండో ముద్రణ నియమాలు వచ్చేదాకా ఆ గీత అలాగే ఉంది.

1979లో ఆట నడిపేవారి కోసం వేసిన పుస్తకం ఇంకా చెప్పుకోదగ్గది. అందులో పాత్రల గత వృత్తిని పాచికలతో తేల్చే పట్టిక ఉంది. రైతు, జాలరి, తాపీపనివాడు, నావికుడు, వడ్రంగి, తోళ్ళు ఊనేవాడు, ఇలా ఇరవై దాకా వృత్తులు. వంట లేదు. పురుడు పోయడం లేదు. బట్టలుతకడం లేదు. పిల్లల్ని పెంచడం లేదు. చివర్లో ‘చెప్పుకోదగ్గ నైపుణ్యం ఏదీ లేదు’ అన్న అర్థంలో ఒక వరుస ఉంది. లోకంలో సగం మంది జీవితాంతం చేసే పని బహుశా ఆ వరుస కిందికే వస్తుంది. అదే పుస్తకంలో ఇంకో పట్టిక ఉంది. పట్నం వీధుల్లో తిరిగేటప్పుడు ఎదురయ్యే వేశ్య ఏ రకమో తేల్చే పట్టిక. తార్చేవాళ్ళతో కలిపి పన్నెండు రకాలు. వేశ్య అని రాసినందుకు కాదు నా అభ్యంతరం. ఆమె బతుకూ బతుకే, ఆమె పనీ పనే. అయితే ఆ పుస్తకంలో ఆమె దారిలో ఎదురుపడుతుంది తప్ప, తానుగా ఏ దారికీ బయల్దేరదు. మగవాడికి గతంగా ఇరవై వృత్తులిచ్చిన చేయి, ఆడదాన్ని అతని దారిలో పన్నెండు రకాలుగా నిలబెట్టింది.

ఆ ఆటను అచ్చేసిన టీఎస్ఆర్ సంస్థలో ఆటల రూపకర్తగా చేరిన మొదటి స్త్రీ జీన్ వెల్స్. ఆమె రాసిన ‘ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్’ 1981లో అచ్చయింది. అందులోని బొమ్మలు అభ్యంతరకరమని సంస్థ దాన్ని వెనక్కి తీసుకుని, ప్రతుల్ని నాశనం చేసి, టామ్ మోల్డ్‌వే అనే రచయిత చేత తిరగరాయించి మళ్ళీ విడుదల చేసింది. వేశ్యల పట్టిక అచ్చువేసి రెండేళ్ళు తిరగకుండానే అదే సంస్థకు సభ్యత గుర్తొచ్చింది, అదీ ఒక స్త్రీ రాసిన పుస్తకం దగ్గర!

ఇదంతా గతం, ఇప్పుడు మారింది అంటారు. నిజమే, మారింది. 2014లో వచ్చిన అయిదో ముద్రణ పుస్తకం స్త్రీ అయినా పురుషుడైనా ఆటలో లాభనష్టాలేమీ ఉండవని, ఎవరూ ఆ రెండు గదుల్లోనే ఇమడనక్కర్లేదని స్పష్టంగా రాసింది. ఈ మార్పు కోసం పోరాడిన స్త్రీలకు, క్వియర్ ఆటగాళ్ళకు మనం కృతజ్ఞతలు చెప్పుకోవాలి. కానీ పితృస్వామ్యం ‘స్త్రీ’ అన్న మాట ఉన్నచోట మాత్రమే ఉంటుందా? ఆ మాట కొట్టేశాక మిగిలిన జాబితాను చదవండి.

2014 పుస్తకంలో పదమూడు నేపథ్యాలున్నాయి. గుడిలో సేవచేసినవారు, మోసగాడు, నేరస్థుడు, వినోదం పంచేవారు, జనం మెచ్చిన వీరుడు, వృత్తిసంఘంలోని పనివారు, ఏకాంతవాసి, ప్రభువంశీయుడు, అడవుల్లో బతికినవారు, పండితుడు, నావికుడు, సైనికుడు, వీధిబాలలు. స్త్రీలు వీటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. మంచిదే. అయితే ఇవన్నీ ఇల్లు దాటాక మొదలయ్యే బతుకులు. ఇంటి లోపల జరిగే పని ఏదీ ఇందులో ‘గతం’ కాలేదు. వంట ఉంది కదా అంటారు, ఉంది. వృత్తిసంఘంలో వంటవారు, రొట్టెలు కాల్చేవారు ఉన్నారు. అంటే వంట బజారుకెక్కి, సంఘంలో పేరు రాయించుకుంటేనే వృత్తి. రోజుకు ఇరవైమందికి కట్టెల పొయ్యి మీద వండి వార్చే కోడలికి ఏ నైపుణ్యమూ రాదు.

అసలు మర్మం ప్రభువంశీయుడి దగ్గరుంది. ఆ నేపథ్యం ఎంచుకుంటే మంచి బట్టలు, ముద్రటుంగరం, వంశవృక్షం, పాతిక బంగారు నాణేలు వస్తాయి. అతనికి దక్కే హోదాకు బదులుగా కావాలంటే ముగ్గురు పరిచారకుల్ని తీసుకోవచ్చు. వాళ్ళు మామూలు చాకిరీ చేస్తారు, యుద్ధం చేయరు, ప్రమాదం ఉందని తెలిసిన చోటికి రారు, తరచుగా హింసిస్తే వెళ్ళిపోతారు. తరచుగా! వారానికి ఎన్ని దెబ్బలైతే తరచు అవుతుందో పుస్తకం చెప్పలేదు. పరిచారిక గతం నువ్వు ఎంచుకునే జాబితాలో లేదు కానీ, మరొకరి గతంలో సామానుగా ఉంది. ఇంకో పట్టికలో కూలి రేట్లున్నాయి. నైపుణ్యం ఉన్నవారికి రోజుకు రెండు బంగారు నాణేలు, నైపుణ్యం లేనివారికి రెండు వెండి నాణేలు. పది వెండి ఒక బంగారంతో సమానం కాబట్టి తేడా పది రెట్లు. కిరాయికి కత్తి పట్టేవాడు నైపుణ్యం ఉన్నవాడు. ఇంటి పనిమనిషి పేరు నైపుణ్యం లేనివాళ్ళలో ఉంది. ఈ లెక్క ఏ మాయాలోకంలోదో కాదు, మన అపార్ట్‌మెంట్లలోదే.

మా అక్క కూతురు హైదరాబాద్‌లో స్నేహితులతో ఈ ఆట ఆడుతుంది. కొత్త పాత్ర కోసం తను ‘మంత్రసాని’ అని రాసుకుంది. ఆట నడిపే అబ్బాయి ఒప్పుకోలేదు.

“ఏకాంతవాసి అని పెట్టుకోమన్నాడు పిన్నీ, మందులూ మాకులూ దానికే వస్తాయట” అంది.

“మంత్రసాని అయితే ఏమైందట?”

“అందులో సాహసం ఏముంది అంటాడు.”

పుస్తకం చూస్తే ఆ అబ్బాయి చెప్పింది నిజమే. వైద్యం వచ్చినవాడు, మూలికల సంచి ఉన్నవాడు ఏకాంతవాసి. లోకాన్ని వదిలేసి కొండ గుహలో కూర్చున్నవాడికి వైద్యం తెలుసు. లోకం మధ్యలో, నెత్తురులో చేతులు పెట్టి బిడ్డను బయటికి తీసిన మనిషికి తెలియదు! మా పిల్లకు ఆ ఆలోచన ఊరికే రాలేదు. మా అక్క పుట్టిన రాత్రి కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. వానలో, చేతిలో లాంతరుతో, పొంగిన వాగు దాటి వచ్చి పురుడు పోసింది ఒక మంగలి అవ్వ. ఇచ్చింది కుంచెడు బియ్యం, ఒక పాత చీర. ఆమె చేతుల మీదుగా పుట్టిన పిల్లలే ఊహ తెలిశాక ఆమెను పేరు పెట్టి ‘ఒసే’ అని పిలిచారు. మన ఊళ్ళలో మంగలి, మాదిగ స్త్రీలు ఎన్ని తరాలుగా ఈ పని చేశారో ఎవరు లెక్కపెట్టారు? అర్ధరాత్రి వాగు దాటడం సాహసం కాకపోతే, నిధి కోసం గుహలో దూరడం ఏ లెక్కన సాహసం?

దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది: పుస్తకంలో లేకపోతే మీరే తయారుచేసుకోవచ్చు కదా, నియమాలు అనుమతిస్తాయి కదా అని. 2014 పుస్తకం నిజంగానే ఆ అవకాశం ఇచ్చింది. కానీ అనుమతి వేరు, చోటు వేరు. సైనికుడు ఎవరినీ అడగక్కర్లేదు, అతను పుస్తకంలోనే ఉన్నాడు. మంత్రసాని మాత్రం ఆట నడిపేవాణ్ణి అడిగి, ఒప్పించి, తన పని పనేనని రుజువు చేసుకుని లోపలికి రావాలి. 2024లో సవరించి వేసిన పుస్తకాల్లో కొత్త నేపథ్యం తయారుచేసే పద్ధతి ఆట నడిపేవారి పుస్తకంలోకి వెళ్ళిపోయింది. తాళంచెవి ఎవరి మొలకు ఉందో ఇంకా చెప్పాలా?

రెండో జవాబు: ఆట ఆడేది బతుకు బరువు మర్చిపోవడానికి, అక్కడ కూడా అంట్లూ పురుళ్ళూ ఎందుకు అని. మగవాళ్ళు తమ యుద్ధాల్ని, ఓడల్ని, బజార్లని, సింహాసనాల్ని మాయాలోకంలోకి మోసుకెళ్ళారు. వాళ్ళను ఎవరూ అవి గుమ్మం బయట వదిలి రమ్మనలేదు. మనల్నే ఎందుకు అడుగుతున్నారు? ఆడపిల్లలు కలలో కూడా గిన్నెలు తోమాలని నేననడం లేదు. కత్తి పట్టాలి, మంత్రం వేయాలి, డ్రాగన్‌ని చంపాలి. కానీ కత్తి పట్టిన స్త్రీ అంతకుముందు ఏం చేసేదో చెప్పాలంటే, ముందు మగవాడి గతం ఒకటి తొడుక్కోవాల్సిన పరిస్థితి ఎందుకు?

కత్తి పట్టిన స్త్రీలు మనకు కొత్తా? 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్ళకు తెలుసు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తాము చెప్పుకున్న చరిత్ర అది. వాళ్ళు దళాల్లో తిరిగారు, రహస్య సమాచారం చేరవేశారు, దాక్కున్నవాళ్ళకు అన్నం పెట్టారు, పోలీసుల దెబ్బలు తిన్నారు. పోరాటం ఆగిపోయాక ఇళ్ళకు పొమ్మన్నారు. తుపాకిని చరిత్ర అన్నారు, అన్నం కుండను అనలేదు. వెండితెర మీద 1951లోనే ‘పాతాళ భైరవి’లో తోటరాముడు మాంత్రికుణ్ణి గెలిచి రాకుమార్తెను పెళ్ళాడాడు. తోట పని చేసే కుర్రాడు వీరుడు కావచ్చని మనం సంతోషంగా ఒప్పుకున్నాం. అదే తోటలో కలుపు తీసే అమ్మాయి ఏ మాంత్రికుణ్ణి గెలిచింది?

ఇది సాధ్యం కాని పనేమీ కాదు. ఉర్సులా లెగ్విన్ 1972లో ముగించాననుకున్న మాంత్రికుల కథలోకి 1990లో ‘టెహాను’తో తిరిగొచ్చి, నడివయసు రైతు వితంతువును, కాలిన గాయాలతో ఆమె చేరదీసిన పాపను కథకు కేంద్రంలో నిలబెట్టింది. మాయాలోకం కూలిపోలేదు. 1986లో ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ వేసిన ‘వార్‌హామర్’ ఆటలో నౌకరు, బిచ్చగాడు, ఎలుకలు పట్టేవాడు కూడా ప్రభువుతో పాటే పాత్ర గతాలుగా ఉన్నారు. నౌకరును ప్రభువు సంచిలో సామానుగా కాక, ఆట ఆడే మనిషిగా రాయొచ్చని అప్పుడే తేలింది.

ఇక 2024 సవరణ. పాత నియమాల్లో పాత్ర పుట్టిన జాతి దాని బలాన్నీ బుద్ధినీ పెంచేది. పుట్టుకను బట్టి బుద్ధి ఏమిటన్న విమర్శ బలపడ్డాక 2020లో ఆ నియమాన్ని సడలించారు. 2024లో ఆ పెంపును జాతి నుంచి తీసేసి నేపథ్యానికి తగిలించారు. ఇప్పుడు పదహారు నేపథ్యాలు. రైతుకు బలం, దేహదారుఢ్యం, వివేకం పెరగొచ్చు. బుద్ధి, ఆకర్షణ అతని వరుసలో లేవు. ప్రభువంశీయుడికి బలం, బుద్ధి, ఆకర్షణ. అంటే మడి దున్నినవాడికి కండలొస్తాయి, నలుగురికీ చెప్పే నేర్పు రాదు. అమెరికాలో దీన్ని ముందడుగు అనుకున్నారు. పుట్టుక కాదు, చేసే పని కదా అని. ఈ మాట మనం ఎప్పటినుంచో వింటున్నాం. వర్ణం పుట్టుకను బట్టి కాదు, గుణాన్ని బట్టి, పనిని బట్టి అని సమర్థించే పెద్దమనుషులు మనకు కొదవలేదు. పనికీ మనిషికీ మధ్య కులం వేసే ముడిని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో విప్పి చూపించాడు. ఈ పట్టిక రాసినవాళ్ళ మనసులో కులం లేదు, నిజమే. కానీ ఏ పనికి ఏ బుద్ధి అని గీసిన గీత మాత్రం మనకు బాగా పరిచయమున్నదే.

ఇందులోనే ఇంకో విచిత్రం. 2014లో ప్రభువుకు పాతిక బంగారు నాణేలు, వీధిబాలకు పది, ఏకాంతవాసికి అయిదు ఇచ్చారు. 2024లో ఎవరైనా సామాను వద్దనుకుంటే యాభై నాణేలు తీసుకోవచ్చు, ప్రభువైనా రైతైనా అదే యాభై. ఆస్తిలో తేడా తీసేసి, ఒంట్లో తేడా పెట్టారు. లోకంలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. రైతు కూతురికీ దొర కూతురికీ బుద్ధిలో తేడా లేదు, తేడా భూమిలో ఉంది, బడిలో ఉంది, కంచంలో ఉంది. ఇక ప్రభువు వెంట నడిచిన ఆ ముగ్గురు పరిచారకులు కొత్త పుస్తకంలో లేరు. వాళ్ళకు విముక్తి దొరికిందనుకోకండి. వాళ్ళను పేజీలోంచి తీసేశారు, అంతే.

నాటక పరిభాషలో నేపథ్యం అంటే తెర వెనక చోటు. ఆడవాళ్ళను, కింది కులాల వాళ్ళను శతాబ్దాల పాటు ఉంచింది అక్కడే. వీరుడు తెర ముందుకు వచ్చేలోగా అతని బట్టలుతికి, అన్నం వండి, అతన్ని కని పెంచిన మనుషులు ఉన్న చోటది. ఆ చోటును ఒక జాబితాగా అచ్చువేసినప్పుడు కూడా వాళ్ళ పేర్లే లేకపోవడం ఎంత అన్యాయం!

అందుకని ఈ ఆట ఆడే అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా నేను చెప్పేది ఒకటే. ఆట మానకండి, జాబితా పెంచండి. మంత్రసాని: వైద్యం, మనుషుల మనసు పసిగట్టడం వచ్చు, మూలికల సంచి ఉంటుంది, అర్ధరాత్రి ఏ ఇంటి తలుపైనా ఆమెకు తెరుచుకుంటుంది, తెల్లారాక అదే తలుపు మూసుకుంటుంది. దాసి: చప్పుడు కాకుండా నడవడం, చాటున మాటలు వినడం వచ్చు, కోటలో ఏ తాళంచెవి ఎక్కడుంటుందో తెలుసు, ఎదురుగా నిలబడినా దొరలు ఆమెను చూడరు. పూటకూళ్ళ పెద్దమ్మ: ఉన్నదాంట్లో పదిమందికి సర్దడం, అబద్ధం చెప్పేవాణ్ణి తినే తీరులోనే పట్టుకోవడం వచ్చు, ఆమె ఎంగిలి విస్తళ్ళు ఎత్తిన ప్రతి బాటసారీ ఆమెకు ఒక కబురు బాకీ.

రాత్రి అడవిలో మజిలీ వేసినప్పుడు వండేది ఎవరో కూడా బల్ల దగ్గర అడగండి. ప్రభువంశీయుడి పాత్ర వేసినవాడు పరిచారిక కావాలంటే, ఆమె పేరేమిటో, ఆమెకు జీతమెంతో ముందు చెప్పమనండి. పదహారు వరుసల కింద పదిహేడోది మీ చేతిరాతతో రాసుకుని వెళ్ళండి. ఇది పుస్తకంలో లేదే అని ఎవరైనా అంటే, లేదు కాబట్టే రాసుకొచ్చామని చెప్పండి.